మూడు కుదుపులు

చెప్పులు విడిచి నేలమీద నిలబడితే చాలు, రెండు కిలోమీటర్ల అవతల నడుస్తున్న యుద్ధ ట్యాంకు ఏ దేశానిదో ట్యాంకు దళంలో రిసాల్దారుగా రిటైరైన ఏసోబు చెప్పేవాడు. నమ్మనివాళ్ళు చాలామందే ఉండేవాళ్ళు. ఒకసారి చూశాక నోరు మూసుకునేవాళ్ళు.

ఆ రోజు బనగానపల్లె దగ్గరి బీడు భూముల్లో అతని కళ్ళకు తువ్వాలు కట్టి నిలబెట్టారు. దూరంగా ట్యాంకులు ఒక్కొక్కటే కదిలాయి.

"ఇది అమెరికావాళ్ళ అబ్రామ్స్," అన్నాడు ఏసోబు. "డెబ్భై టన్నుల బండి, అయినా గుర్రుమనదు. విమానం ఇంజను గదా, సన్నంగా జుమ్ముమంటది అరికాల్లో."

ఇంకొకటి కదిలింది. "జర్మనీ లెపర్డ్. ఎంత బరువున్నా అడుగు సక్కగా, కొలిసినట్టు పడతాంది. ఆ ఎనకాల వచ్చేది టీ-నైంటీ. పుట్టింది రష్యాలో, పెరిగింది మన దగ్గర. పొట్టిది, తేలిక, గలగలా వాగతా పోతది."

"ఇదో?" అంది పక్కనున్న హిమజ. కాకినాడ అమ్మాయి, శాస్త్రవేత్త, ఈ ప్రయోగమంతా ఆమె బుర్రలోంచి వచ్చిందే.

"ఇది మన అర్జునుడమ్మా. బరువెక్కువ, నడక మెత్తన. పరుపు మీద నడిసినట్టుంటది. ఇంక ఆ దూరంది ఇజ్రాయిల్ మెర్కావా. దానికి ఇంజను ముందర ఉంటది, బరువంతా ముక్కు మీద. ఆ పక్కన కొరియా బండి, ఒంటె మాదిరి మోకాళ్ళు వంచి కూసునేది."

తువ్వాలు విప్పేసరికి హిమజ చేతిలోని పలకలాంటి కంప్యూటరు మీద ఆరు పేర్లూ అదే వరసలో ఉన్నాయి. ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మూడేళ్ళు కష్టపడి తాను కట్టిన యంత్రం ఆరింటిలో నాలుగే చెప్పగలిగింది మరి.

ఆ యంత్రం పేరు నేలచెవి. గుమ్మడికాయంత ఉంటుంది. భూమిలో పాతిపెడితే చుట్టుపక్కల ఏ బరువు ఎట్లా కదిలినా ఆ అదురును పట్టుకుంటుంది. ఎనిమిది దేశాలు కూడబలుక్కుని సరిహద్దుల నుంచి ట్యాంకుల్ని వెనక్కి తీసుకుంటామని ఒప్పందం రాసుకున్నాయి. ఎవడి మాట ఎవడు నమ్ముతాడు? అందుకని నేలనే సాక్షిగా పెట్టుకుందామనుకున్నారు. సరిహద్దు పొడవునా నేలచెవులు పాతితే ఏ దేశం ఎన్ని ట్యాంకులు దొంగతనంగా తెచ్చినా తెలిసిపోతుంది. యంత్రానికి నేర్పడానికి ప్రతి దేశమూ తలా ఒక బండి పంపింది; మొదట చేరినవి ఆరు, మిగతా రెండూ చివరికి వచ్చాయి. నేర్పేవాడుగా ఏసోబును గిద్దలూరు నుంచి పిలిపించారు.

పిలిపించింది కర్నల్ జయసింహ. నేలచెవి తయారుచేసే సంస్థకు ఆయనే పెద్ద. అంతకుముందు పద్నాలుగేళ్ళు ఏసోబు తోలిన ట్యాంకుకు కమాండర్.

ఆ సంబంధం ఎట్లాంటిదో బయటివాళ్ళకు అర్థం కాదు. ట్యాంకు తోలేవాడికి లోకమంతా జానెడు గాజు సందులోంచి కనపడుతుంది. దుమ్ము లేస్తే అదీ ఉండదు. పైన తల బయటపెట్టి నిలబడ్డ కమాండరు హెడ్‌ఫోనులో "ఎడమ, ఇంకొంచెం ఎడమ, ఆగు" అంటే అట్లా తోలడమే. ఒకసారి ఎడారిలో, చెయ్యి చాస్తే చెయ్యి కనపడని దుమ్ములో, ఆ గొంతు "ఆగు ఏసోబూ" అంది. ఆగాడు. దుమ్ము తేలాక చూస్తే మూడడుగుల అవతల నిలువునా లోయ. ఆ రోజు నుంచి ఆ గొంతంటే ఏసోబుకు దేవుని వాక్యమంత గురి.

"ట్యాంకుల్ని లెక్కపెట్టడానికే ఇది," అన్నాడు కర్నల్ మొదటి రోజే. "మనుషుల జోలికి పోదు. నీ పాదాల్లో ఉన్నదంతా దీనికి నేర్పు. ఇక యుద్ధాలే ఉండవు, ఏసోబూ. నా మాట."

"మీ మాట సాలు సాబ్," అన్నాడు ఏసోబు.

ఇక మూడు కుదుపుల సంగతి చెప్పుకోవాలి, అది తెలియకపోతే ఈ కథే లేదు.

ఎడారిలో మధ్యాహ్నం పూట నీడ అంటే ట్యాంకు నీడే. ఏసోబు ఇరవై రెండేళ్ళ సవారుగా, అంటే ట్యాంకు దళంలో మామూలు సిపాయిగా ఉన్నప్పుడు జోజి అనే స్నేహితుడు ఎండ తట్టుకోలేక బండి కిందికి దూరి నిద్రపోయాడు. ఇంకెవడో ఎక్కి బండి కదిలించాడు. జోజిని బయటికి తీసింది ఏసోబే. తీసినంతవరకు తీశాడు. ఆ తర్వాత వారం రోజులు అతను ఎవరితోనూ మాట్లాడలేదు.

మాట్లాడటం మొదలుపెట్టాక ఒక పద్ధతి కనిపెట్టాడు. ఇంజను వేశాక బ్రేకు గట్టిగా బిగబట్టి, గేరు తగిలించి, యాక్సిలరేటర్ మీద కాలు నొక్కి వదలాలి. చైన్లు కదలవు, బండి ఒళ్ళు మాత్రం ముక్కు వంచి లేస్తుంది. రెండు పొట్టి కుదుపులు, ఒక పొడుగు కుదుపు. తర్వాత మనసులో మూడంకెలు లెక్కపెట్టాలి. కింద ఎవడైనా ఉంటే ఉలిక్కిపడి లేచి, అడుగు రేకు బాది, కేక వేసి బతికిపోతాడు. దానికి మేలుకొలుపు అని పేరు పెట్టాడు. ఏ పుస్తకంలోనూ లేదది.

ట్యాంకులు తోలడం నేర్పే బడిలో ఏసోబు, కర్నల్ బండి తోలిన పద్నాలుగేళ్ళకు ముందూ తర్వాతా కలిపి, పదిహేనేళ్ళు ఉస్తాదు. రెండేళ్ళు సముద్రం అవతల ఒక ఎడారి దేశానికి కూడా పంపారు. మొత్తం రెండువందల పదమూడుమంది శిష్యులు, ఏడు దేశాలవాళ్ళు. ఒక్కడి చేత కూడా మేలుకొలుపు లేకుండా బండి కదిలించనివ్వలేదు. వాళ్ళలో ఒకడు అప్పుడే వచ్చిన లెఫ్టినెంట్ జయసింహ. మొదటిరోజు కుదపకుండా గేరు వేయబోతే, ఏసోబు ఇంజను ఆపించి, కిందికి దింపి, సాక్షాత్తు ఆఫీసరును ట్యాంకు కింద వెల్లకిలా పడుకోబెట్టాడు.

"ఇప్పుడు సెప్పండి సాబ్. పైనున్నోడు కుదపకపోతే మీకెట్లుంటది?"

లెఫ్టినెంట్ లేచి, బండెక్కి, మూడుసార్లు కుదిపాడు. మళ్ళీ జన్మలో మర్చిపోలేదు.

ఏసోబుకైతే అది ఒంట్లోకి దిగిపోయింది. స్కూటర్ ఎక్కినా అంతే. బ్రేకు పట్టి మూడుసార్లు కుదిపితే గానీ వదలడు. వెనక కూర్చున్న భార్య సుగుణమ్మ ప్రతిసారీ ఎగిరిపడేది.

"ఏమయ్యో! స్కూటర్ కింద ఎవురు పండుకోనుండారని?"

"ఏమో, నీ సుట్టాలెవరన్నా ఉండొచ్చు."

"మా సుట్టాలు నీ మాదిరి నేలన పడి ఉండరులే, పోనీ!"

ఆదివారం ప్రార్థన అయ్యి ఇంటికొచ్చేసరికి ఫోను మోగేది. ఎడారి దేశం నుంచి దావూద్. శిష్యులందరిలో ఏసోబుకు ముద్దు ఎక్కువైనవాడు. తెలుగులో వాడికి వచ్చినవి రెండే మాటలు. మేలుకొలుపు ఇచ్చి మూడంకెలు లెక్కపెట్టాక ఏసోబు అనేవి. "పోదాం పా!" అని అరిచి, ఆ తర్వాత వచ్చీరాని హిందీలో మొదలుపెట్టేవాడు. ఇప్పుడు వాడూ ఉస్తాదే, వాళ్ళ దళంలో ముందు నడిచే బండి వాడిదే. ఒక ఆదివారం కూతురు పుట్టిందని చెప్పాడు.

"మూడు కుదుపులిచ్చి బయటికొచ్చిందా?" అన్నాడు ఏసోబు. ఫోనులో వాడు, ఇక్కడ సుగుణమ్మ, ఇద్దరూ ఒకేసారి పకపకా నవ్వారు.

రెండు నెలలకు నేలచెవి ఆరింటికి ఆరూ చెప్పడం నేర్చింది. అప్పుడొక వింత బయటపడింది. హిమజ పరుగెత్తుకుంటూ వచ్చింది.

"బాబాయ్‌గారూ, మా యంత్రానికి పిచ్చెక్కిందండీ! వేరు వేరు దేశాల్లో, వేరు వేరు బళ్ళు. ఆ దేశాలు పంపిన నేల అదుర్ల పాత రికార్డులన్నీ వినిపిస్తే, వాటిలో కొన్నింటిని ఏరి ఇవన్నీ ఒక్క మనిషే తోలుతున్నాడు అంటోందండీ. ఆరు బళ్ళ తర్వాత ఇది ఏడోదట, ఏడో గుంపు అని పేరు కూడా పెట్టేసింది. ఒక మనిషి ఒకేరోజు నాలుగు దేశాల్లో ఎలా ఉంటాడండీ?"

ఏసోబు ఆ అదుర్ల గీతలు చూశాడు. రెండు పొట్టివి, ఒకటి పొడుగు.

"పిచ్చేం కాదు పాపా. అది నేనే," అన్నాడు. ఆ మాట అంటుంటే అతని ఛాతీ పొంగిన మాట నిజం. అరవై ఏళ్ళు దాటినవాడు, పిల్లలు లేనివాడు, తన అడుగు ఇన్ని దేశాల నేలమీద పడుతోందని తెలిస్తే పొంగదా మరి?

కానీ మరుక్షణమే ఏదో గుచ్చుకుంది. నేరుగా కర్నల్ దగ్గరికి వెళ్ళాడు.

"సాబ్, ఇది మనుషుల్ని కూడా గుర్తు పడతాందే."

కర్నల్ కుర్చీలోంచి లేచి వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు. "అందుకే దాన్ని తీసేయిస్తున్నాను. కానీ ఏసోబూ, ఒకదాన్ని వినొద్దని యంత్రానికి చెప్పాలంటే ముందు అదేమిటో దానికి బాగా తెలియాలి కదా. నీ కుదుపు అన్ని బళ్ళలోనూ తలా నలభైసార్లు ఇచ్చి పో. అది నేర్చుకుని, ఆ తర్వాత చెరిపేస్తుంది."

హెడ్‌ఫోనులో వినపడ్డ గొంతే అది. ఏసోబు మళ్ళీ అడగలేదు. ఎనిమిది దేశాల ట్యాంకులు, ఒక్కోదాంట్లో నలభైసార్లు. రష్యా బండిలో ఒళ్ళు ముడుచుకుని, అమెరికా బండిలో వెనక్కి వాలి పడుకుని, చెమటలు కక్కుకుంటూ, చిన్నపిల్లవాడికి అక్షరాలు దిద్దించినట్టు ఆ పెట్టెకు తన పిల్లలందరి ఆనవాలూ దిద్దించాడు. చివరిరోజు కర్నల్ సెల్యూట్ కొట్టాడు. ఏసోబు కళ్ళనీళ్ళు పెట్టుకుని ఇంటికి వచ్చాడు. ఎంత పిచ్చివాడు!

ఏడాది తిరక్కుండానే ఎడారి దేశంలో యుద్ధం మొదలైంది. రెండు ఆదివారాలు ఫోను రాలేదు. మూడో ఆదివారం మోగింది. దావూద్ గొంతు కాదు, వాడి తమ్ముడిది.

గుడారాల బట్ట కింద ముప్ఫై ట్యాంకులు దాచి ఉంచారట. ఆకాశంలోంచి చూసినా కనపడవట. బయల్దేరమని ఆజ్ఞ వచ్చి ముప్ఫై ఇంజన్లూ వేశారట. రెండు నిమిషాల్లో ఎక్కడి నుంచో నాలుగు క్షిపణులు వచ్చాయి. నాలుగే నాలుగు బళ్ళు కాలిపోయాయి. ముందు నడవాల్సిన బళ్ళు అవే. ఆ నాలుగూ తోలేది దావూదూ, వాడితోపాటు నేర్చుకున్న ముగ్గురూ. మిగతా ఇరవయ్యారింటికి గీత కూడా పడలేదు.

"నలుగురూ మీ దగ్గర చదివినవాళ్ళే, ఉస్తాద్," అన్నాడు ఆ తమ్ముడు. నింద వెయ్యలేదు, ఊరికే చెప్పాడు.

ఏసోబు మొహం చూసి సుగుణమ్మ పొయ్యి ఆర్పేసి వచ్చింది.

ఆ బుధవారం హిమజ బస్సు దిగి వెతుక్కుంటూ వాళ్ళింటికి వచ్చింది. ఇచ్చిన మంచినీళ్ళు కూడా తాగలేదు.

"ఉద్యోగం మానేశానండీ, బాబాయ్‌గారూ. ఏడో గుంపును చెరపలేదు. అసలు ఎప్పుడూ చెరపాలనుకోలేదు. నేలచెవిని అమ్మేశారు, కొన్నవాళ్ళు దాన్ని క్షిపణులకు కలుపుకున్నారు. మీ శిష్యులంటే అందరికంటే బాగా తోలేవాళ్ళు కదండీ. ఏ దళంలోనైనా ముందు బండి వాళ్ళదే. ముందు బండిని కొడితే వెనకవన్నీ ఆగిపోతాయి. అందుకని... ఆ కుదుపు వినపడగానే కొట్టమని పెట్టారు." ఆమె వెక్కివెక్కి ఏడ్చింది. "నాకు తెలీదండీ. ఒట్టు. నిన్నటిదాకా తెలీదు."

ఏసోబు ఒక్కటే అడిగాడు. "సాబ్‌కు తెలుసా?"

"అమ్మినప్పుడు కాగితం మీద రాసిచ్చింది ఆయనేనండీ. 'ఏడో గుంపు, అన్నిటికంటే విలువైన లక్ష్యం' అని."

సుగుణమ్మ హిమజను దగ్గరికి తీసుకుంది. ఏసోబు పెరట్లోకి పోయి, చెప్పులు విడిచి, నేలమీద నిలబడ్డాడు. కిందపడుకున్నవాణ్ణి బతికించడానికి పెట్టిన కుదుపు అది. దాన్ని పట్టుకుని పైనున్నవాణ్ణి చంపారు. ఆనవాలు చెప్పింది తానే, నలభైసార్లు, ఎనిమిది బళ్ళలో. అతని ఏడుపుకు పక్కింటివాళ్ళు బయటికి వచ్చారు.

మర్నాడు కర్నల్ ఎదుట నిలబడ్డాడు. కర్నల్ బుకాయించలేదు. అదే ఎక్కువ మండించింది.

"ఏసోబూ, నువ్వు డ్రైవరువి. నీకు కనపడేది జానెడు సందు. నాకు మైదానమంతా కనపడుతుంది. నాలుగు బళ్ళు పోయాయి, యుద్ధం తొమ్మిది రోజుల్లో ఆగిపోయింది. లెక్కేసుకో."

"దావూద్‌కు బిడ్డ పుట్టింది సాబ్."

"నాకు తెలుసు, చాలా బాధగా ఉంది. కానీ..."

"మనుషుల జోలికి పోదంటిరి. మాట ఇచ్చిరి."

కర్నల్ కిటికీ వైపు తిరిగాడు. "వచ్చే నెల పదిహేనున కొనేవాళ్ళు వస్తున్నారు, ఐదు దేశాల నుంచి. ఎనిమిది ట్యాంకుల్లో నీ బండిని నేలచెవి ఏరి చూపించాలి. నువ్వు రావాలి. ఒకే బండిలో పద్నాలుగేళ్ళు ఉన్నాం మనం."

మొహాన ఉమ్మేసి వచ్చేద్దామన్నంత కోపం వచ్చింది ఏసోబుకు. పద్నాలుగేళ్ళలో ఆ గొంతు ఎన్నిసార్లు ఎడమ అంటే ఎడమకు, కుడి అంటే కుడికి తిరిగాడో గుర్తొచ్చింది. ఇంకా శిష్యులు రెండువందల తొమ్మిదిమంది బతికి ఉన్నారని కూడా గుర్తొచ్చింది.

"వస్తా సాబ్," అన్నాడు.

ఇంటికి పోయి ఫోను చేతిలోకి తీసుకున్నాడు. సుగుణమ్మ పేర్లు చదువుతూ ఉంటే ఒక్కొక్కరికే చేశాడు. ఫోను మార్చినవాళ్ళను మిగతావాళ్ళ చేత వెతికించాడు. ఇరవై రెండు రోజులు పట్టింది. అందరికీ అదే మాట.

"నాయనా, మేలుకొలుపు మానెయ్. ఇంక ఎప్పుడూ కుదపొద్దు. బండి కదిలించే ముందర మనిషిని దింపి, కింద వంగి సూడమను. ప్రతిసారీ సూడమను. నేను నేర్పింది మర్సిపో."

కొందరు ఎందుకని అడిగారు, చెప్పాడు. కొందరు అడక్కుండానే సరేనన్నారు. ఒక్కడు మాత్రం ఫోనులోనే ఏడ్చాడు. "దానివల్లే మా బండి కింద ఇద్దరు బతికారు ఉస్తాద్, ఎట్లా మర్చిపోవాలి?" అన్నాడు. తెలిస్తే నాకూ చెప్పరా అన్నాడు ఏసోబు.

అన్నిటికంటే కష్టం తన కాలికి నేర్పడం. రోజూ పొద్దున్నే రైల్వే మైదానంలో స్కూటర్ ఎక్కేవాడు. వెనక సుగుణమ్మ. చెయ్యి బ్రేకు మీద బిగుసుకోగానే వీపు మీద ఒక్కటి వేసేది.

"ఊ! మళ్ళా!"

నలభై ఏళ్ళ అలవాటు. ఎన్ని దెబ్బలు తిన్నాడో. ఒకరోజు స్కూటర్ ఉలుకూ పలుకూ లేకుండా నేరుగా ముందుకు సాగిపోయింది. సుగుణమ్మ కొట్టడానికి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. ఇద్దరూ సంతోషపడలేదు.

పదిహేనో తారీకు పొద్దున బీడు భూముల్లో షామియానా వేశారు. కొనేవాళ్ళు నల్లకళ్ళద్దాలతో కూర్చున్నారు. పెద్ద తెర మీద ఎనిమిది చుక్కలు, ఎనిమిది ట్యాంకులు; అర్జున్‌లో ఏసోబు. ఇంజన్లు మోగాయి.

"వీటిలో ఒకటి ఏడో గుంపు," అన్నాడు కర్నల్ మైకులో. "చూడండి."

ఎనిమిది బళ్ళూ కదిలాయి. తెర మీద అబ్రామ్స్, లెపర్డ్, అర్జున్ అని పేర్లన్నీ సక్రమంగా పడ్డాయి. ఎర్ర వలయం మాత్రం దేని చుట్టూ పడలేదు. ఇంకోసారి తోలించారు. పడలేదు. షామియానాలో గుసగుసలు మొదలయ్యాయి. పోయిన నెల నుంచి, ముందే కొని తమ దగ్గర పాతినవాటిలో కూడా ఏడో గుంపు ఎక్కడా వినపడటం లేదని ఒకాయన లేచి అన్నాడు.

కర్నల్ మొహం కందిపోయింది. గబగబా నడిచి ఏసోబు బండి దగ్గరికి వచ్చాడు. "ఏం చేస్తున్నావ్?"

"ముసలోడినైనా సాబ్. కాలు మాట ఇనడం ల్యా," అన్నాడు ఏసోబు పైకి వచ్చి.

"దిగు!"

దిగాడు. కర్నల్‌కు అప్పుడు కావలసింది ఒక్కటే, యంత్రం చెడిపోలేదని వాళ్ళకు చూపించడం. కోటు విప్పి ఆ అర్జున్ బండిలోకి తానే దూరాడు. ఇంజను వేశాడు. బండి ముక్కు వంచి లేచింది. పొట్టిది. మళ్ళీ పొట్టిది. తర్వాత పొడుగుది. మూడంకెల విరామం. ఎంత చక్కగా ఇచ్చాడు! తన చేత నేర్చుకున్నవాళ్ళలో ఇంత శుభ్రంగా ఇచ్చినవాళ్ళు అయిదారుగురే ఉంటారు.

తెర మీద టంగున మోగింది. ఆ చుక్క చుట్టూ ఎర్ర వలయం పడింది. కింద పెద్ద అక్షరాలు: ఏడో గుంపు. షామియానా అంతా చప్పట్లు. ఆ ఆనవాలును, కొట్టాల్సిన లక్ష్యంగా, వాళ్ళు తమ పలకల్లోకి ఎక్కించుకుంటూ ఉన్నారు.

కర్నల్ చెమట తుడుచుకుంటూ, నవ్వుతూ పైకి వచ్చాడు. ఏసోబు కింద నిలబడి ఉన్నాడు. బూట్లు విడిచి చేతిలో పట్టుకున్నాడు.

"భేష్ సాబ్. ఏం మర్సిపోలేదు మీరు."

"నువ్వు నేర్పిందే కదా," అన్నాడు కర్నల్, ఊపిరి పీల్చుకుంటూ.

"అవును సాబ్. నా పిల్లోళ్ళందరికీ ఫోను సేసినా, అది మానెయ్యమని. అందరూ మానేసినారు. నేనూ మానేసినా. ఒక్కరికి మాత్రం సెయ్యలేదు. ఇంక లోకంలో ఆ కుదుపు ఇచ్చేది మీరొక్కరే."

కర్నల్ నవ్వు అట్లాగే ఉండి, కొంచెం కొంచెంగా ఎండిపోయింది. ఆయన మెడ తిప్పి తెర వైపు చూశాడు. ఐదు దేశాలవాళ్ళు ఇంకా ఎక్కించుకుంటూనే ఉన్నారు.

"ఏసోబూ," అన్నాడు. అదే గొంతు. "ఏసోబూ, ఆగు."

జీవితంలో మొదటిసారి ఆ మాటకు ఏసోబు ఆగలేదు. నాలుగడుగులు వేశాక మాత్రం వెనక్కి తిరిగి వచ్చాడు. కర్నల్ కోసం కాదు. ట్యాంకు ఇంజను ఇంకా నడుస్తోంది. మోకాళ్ళ మీద వంగి, తల నేలకు ఆనించి, ఆ చివరి నుంచి ఈ చివరిదాకా బండి కింద చూశాడు. ఎవరూ లేరు. లేచి, మోకాళ్ళకంటిన మట్టి దులుపుకున్నాడు.

"పోదాం పా," అని తనకు తానే చెప్పుకుని, బస్సు రోడ్డు వైపు నడిచాడు.